విప్పడానికే కట్టిన బండ్లు

మొన్నామధ్య మా శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన ఒక కుర్ర ఇన్‌స్ట్రక్టరు నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మోడళ్లు చేయించే పని అతనికి అప్పగించారట. "సార్, అద్దాల బీరువాలో ఉండే ఎర్ర ట్రాక్టరు మీరు చేసిండేదే కదా. అట్లాంటిది ఇంకొకటి ఎట్లా చేయాలో చెప్పండి" అని అడిగాడు. కాఫీ ఇచ్చి, ఏదో నాలుగు ముక్కలు చెప్పి పంపించాను. అతను పోయాక మనసు మనసులో లేదు. అట్లాంటిది ఇంకొకటి చేయవద్దు నాయనా అని చెప్పవలసింది. ఎందుకు వద్దో కూడా చెప్పవలసింది. నోట రాలేదు. అందుకని రాస్తున్నాను.

ఉద్యోగంలో ఎప్పుడు చేరాను, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాను అన్నవి ఎవరికీ పనికిరావు. యాభై అయిదేళ్లు నిండగానే అందరినీ పంపినట్టే నన్నూ పూలదండ వేసి పంపించారు. అన్నేళ్ల కొలువులో ఇప్పటికీ నా చేతివేళ్లు గుర్తుపెట్టుకున్నది ఒక్క పెట్టెను. దాంతో గడిపిన కాలం మొత్తం కొలువులో చిన్న తునక. నేను బతికిన ఉద్యోగం మాత్రం అదే అనిపిస్తుంది.

పెట్టె

అరవైలలో మా కేంద్రం అనంతపురం దాటి బత్తలపల్లె పోయే దారిలో ఉండేది. పల్లెల నుంచి వచ్చిన వాళ్లకు ఆయిలింజన్లు, పంపుసెట్లు, ట్రాక్టర్లు బాగుచేయడం నేర్పేవాళ్లం. నేర్పడానికి మాకున్నది ఒకే ట్రాక్టరు. దాని గేరుపెట్టె విప్పి చూపిద్దామంటే తిరిగి బిగించగలమో లేదోనని ప్రిన్సిపాలు గారికి భయం. ఆ భయంలో తప్పులేదు. ఒకసారి విప్పి, బిగించలేక, బళ్లారి నుంచి మేస్త్రీని పిలిపించుకున్న ఘనత మాది. ఇంజను చుట్టూ అందరూ మూగితే ముందు నిలబడ్డవాళ్లకు ఇంజను కనిపించేది. వెనకవాళ్లకు ముందువాళ్ల మెడలు కనిపించేవి.

ఆ కరువు రోజుల్లో బావుల పని మీద పైదేశం నుంచి ఒక ఇంజనీరు, ఆయన భార్య వచ్చి కొంతకాలం ఊళ్లో ఉన్నారు. వెళ్లిపోతూ ఇంట్లో సామాను తలా ఒకటి పంచిపెట్టారు. మా కేంద్రానికి ఒక పెట్టె వచ్చింది. నిండా ప్లాస్టిక్ ఇటుకలు. ఎక్కువ ఎర్రవి, కొన్ని తెల్లవి. పైన బొడిపెలు, కింద గుంటలు. ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కితే పట్టుకుంటాయి, గట్టిగా లాగితే వచ్చేస్తాయి. వాటితోపాటు రబ్బరు టైర్లున్న చక్రాలు, ఇరుసులు, టార్చి బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారు ఒకటి.

ప్రిన్సిపాలు గారు గోదావరి వైపు మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తని మాట. "పిల్లలు ఆడుకునే వస్తువులండీ ఇవి, మనకెందుకు?" అని స్టోరు బీరువాలో పెట్టించి తాళం వేయించారు. లేత్ పని నేర్పే మస్తాన్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. బయటికి రాగానే, "పెద్దసారు చిన్నప్పుడు ఆడుకోలేదేమో అప్పా. ఎవురూ లేనప్పుడు ఆడుకుందామని దాచుకుంటాండాడు" అన్నాడు.

నేను వెంటపడ్డాను. గేరు అంటే ఏమిటో, బెల్టు అంటే ఏమిటో ఆ ఇటుకలతో ప్రతివాడి చేతికీ ఇవ్వొచ్చనీ, పాడైతే మేస్త్రీ రానక్కరలేదనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి తాళంచెవి నా చేతిలో పెట్టారు. "సరే ఓబులేసు గారూ, కానివ్వండి" అన్నారు. అడిగితే వినే మనిషి ఆయన.

చేతి పని

బయటివాళ్లు అనుకున్నట్టు అది బొమ్మలు చేసే పని కాదు. ఆ మోటారు బొంగరంలా గిర్రున తిరిగేది, బలం మాత్రం చీమకున్నంత. నేరుగా చక్రానికి తగిలిస్తే బండి కదలకుండా ముక్కేది. ఆ వేగాన్ని ఎట్లా తగ్గిస్తే బలం వస్తుందో కనిపెట్టడమే మొదటి పాఠం. దర్జీ అంగళ్లలో పారేసే దారపు రీళ్లు తెచ్చేవాళ్లం, చిన్నవీ పెద్దవీ. పాత సైకిలు ట్యూబును సన్నని వలయాలుగా కత్తిరిస్తే అవే బెల్టులు. చిన్న రీలు నుంచి పెద్ద రీలుకు, దాని ఇరుసు మీది చిన్న రీలు నుంచి ఇంకో పెద్ద రీలుకు. అట్లా దిగి దిగి చక్రం చేరేసరికి బండి నిదానంగా, బరువు మోసే ఎద్దులాగా కదిలేది. సోమందేపల్లె నుంచి వచ్చిన ఒకాయన అది చూసి, "అంటే సార్, పరుగు అమ్మి బలం కొనుక్కుంటాండాం" అన్నాడు. పుస్తకాల్లో అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. తరువాత ప్రతి జట్టుకూ ఆ మాటే చెప్పాను.

గుండ్రంగా తిరిగేదాన్ని ముందుకూ వెనక్కూ ఊగేట్టు చేయాలంటే రీలుకు నడుమన కాకుండా అంచున రంధ్రం పెట్టి సైకిలు పుల్ల వంచి దూర్చేవాళ్లం. ఆ చిన్న వంకర పుల్లతో పంపుసెట్టు, రంపం, కుట్టుమిషను అన్నీ అర్థమయ్యేవి. రాళ్లగోడలు కట్టినవాళ్లు ఇటుకలు పేర్చడంలో నాకంటే చురుకు. అతుకు మీద అతుకు పడితే గోడ నిలవదని వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

తప్పులూ మా మట్టికి తగినట్టే చేశాం. ఇరుసులు కీచుమంటున్నాయని ఒక జట్టు వేరుశనగ నూనె పోసింది. రెండు రోజులు బండి నున్నగా పోయింది. తరువాత గాలిదుమ్ము వచ్చి ఆ నూనెలో కూర్చుని జిగురైపోయింది. ఇటుకలన్నీ విప్పి, బకెట్టు వేడినీళ్లలో సీకాయపొడి కలిపి, తలంటు పోసినట్టు కడిగాం. మస్తాన్ తొంగిచూసి, "సాంబ్రాణి పొగ గూడా పట్టండప్పా, జలుబు చేస్తాది" అని పోయాడు. ఇంకోసారి కడిగినవాటిని మే నెల ఎండలో రేకుల మీద ఆరబెట్టాం. కొన్ని వంకరపోయాయి. బ్యాటరీలు నీరసించితే ఎండలో పెడితే కాస్త లేస్తాయని మాకందరికీ తెలుసు. అదే ఎండ ఇటుకలకు పడదని అప్పుడే తెలిసింది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఉన్నది ఒకే పెట్టె, ఒకే మోటారు. ఒకటి విప్పితేగాని ఇంకొకటి కట్టలేం. అందుకని శనివారం సాయంత్రం, ఎంత బాగా వచ్చినదైనా, విప్పి పెట్టెలో పోయాలని కట్టడి పెట్టాను. మొదట్లో అందరికీ ప్రాణం ఒప్పేది కాదు. రాను రాను ఒక సంగతి గమనించాను. కట్టేటప్పుడు వాళ్లు తొందరలో ఉంటారు. విప్పేటప్పుడే ఏది దేన్ని పట్టుకుని నిలబడిందో చేతికి తెలుస్తుంది. శనివారాలలో మా షెడ్డులో వినిపించే టక్ టక్ చప్పుడు, ఇటుకలు పెట్టెలో గలగలమని పడే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఖాళీ పెట్టె నిండుతుంటే దిగులు వేయాలి కదా. అప్పుడు మాత్రం రేపు ఏం కడదామా అన్న ఆశ పుట్టేది. అట్లాంటి ఆశ నాకు తరువాతి ఉద్యోగంలో ఎన్నడూ కలగలేదు.

తిప్పేస్వామి

తిప్పేస్వామి కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చాడు. మిగతావాళ్లకంటే పెద్దవాడు, పెండ్లాం పిల్లలున్నవాడు. కొద్దిగా వర్షాధార భూమి, అందులో వేరుశనగ, మా వైపు మాటలో చెనిక్కాయ. పంపుసెట్టు పని నేర్చుకుంటే ఊళ్లో నాలుగు బావులున్న ఆసాములు పిలుస్తారని చేరాడు. ఇటుకల పెట్టె చూసినప్పటి నుంచి పంపుసెట్టు మాట మరిచిపోయాడు.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "సార్, దీంతో చెనిక్కాయలు పెరికే బండి సేయొచ్చా?" అన్నాడు.

"చేత్తో పీకుతారు కదా, దానికి బండెందుకు?"

"పదునుంటే సేత్తో వస్తాది సార్. పెరికే కాలానికి వాన రాకపోతే మా ఎర్రనేల రాయి. సెట్టు పట్టి లాగితే ఊడ తెగి సెట్టు సేతికొస్తాది, కాయ భూమిలోనే ఉంటాది. కొడవలి మొనతో గీరుకుంటా కూసోవాల ఆడోళ్లు. సగం సీమలకే."

వాన పడ్డ ఏడాది పంట, వాన పడని ఏడాది కూడా పంటే. కాని అది భూమి పిడికిట్లో ఉంటుంది. ఆ పిడికిలి విప్పడం ఎట్లా అన్నదే అతని ప్రశ్న. నాకు అంతవరకు అట్లాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు. మేము నేర్పేదంతా పైనుంచి వచ్చిన యంత్రాలను బాగుచేయడమే. లేని యంత్రాన్ని ఆలోచించడం మా పాఠాల్లో లేదు.

ఇద్దరం కూర్చున్నాం. చెక్కపళ్లెంలో ఎర్రమట్టి, గులకరాళ్లు, కాయలు కలిపి, నీళ్లు పోసి, ఎండకు గట్టిపడేదాకా ఉంచితే అదే మా చేను. ఇటుకల బండికి ముందు మోటారు. అడుగున గుంటక పలుగులాగా మట్టి కిందికి దూరే రేకు. వెనక వాలుగా ఒక జల్లెడ. రేకు లేపిన మట్టీ కాయా జల్లెడ మీదికి ఎక్కాలి, జల్లెడ ఊగాలి, మట్టి రాలిపోవాలి, కాయ మిగలాలి. చెప్పడానికి ఇంతే. మొదటిసారి రేకు మట్టిలో దిగగానే చక్రాలు ఉన్నచోటనే తిరిగాయి. రెండోసారి బండి ముందుభాగం లేచి నిలబడింది.

మస్తాన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం తిప్పన్నా, నీ బండి నేలను దున్నుతాందా, నేలే నీ బండిని దున్నుతాందా?" అన్నాడు.

"నవ్వు మస్తానన్నా, నవ్వు. నీ లేతు మిషను మా సేన్లోకి తోలుకోని రా, అప్పుడు నేనూ నవ్వుతా."

"నా లేతుకు నీ సేను సాలదప్పా, ఊరంతా గావాల!"

అట్లా నవ్వుకుంటూనే మస్తాన్ పాత డబ్బా రేకు కోసి పలుగును సన్నగా చేసి ఇచ్చాడు. బండి మీద బరువు పెంచాం. బెల్టులు మార్చాం. తిప్పేస్వామికి అన్నీ ఒకేసారి మార్చే దురలవాటు. ఏది మార్చినందుకు బాగుపడిందో తెలిసేది కాదు. నాకేమో ఒకటి మార్చి పొద్దంతా చూస్తూ కూర్చునే జబ్బు. ఒకరిమీద ఒకరం విసుక్కునేవాళ్లం. ఒకసారి అతను కోపంతో పళ్లెం తన్ని లేచిపోయి, చింతచెట్టు కింద బీడీ తాగి, తిరిగి వచ్చి మట్టి ఎత్తి పోశాడు.

అతని శిక్షణ ముగిసిపోయింది. బండి ముగియలేదు. ఆ తరువాత సేద్యంలో ఖాళీ దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చేవాడు. అతను వచ్చాడంటే మిగతా పనులు ఆపి పెట్టె అతని ముందు పెట్టేవాణ్ణి. రెండు మూడు రోజులు షెడ్డులోనే ఉండి, శనివారం అందరితోపాటు తన బండీ విప్పి పెట్టెలో పోసి, ఊరికి పోయేవాడు. తిరిగి వచ్చినప్పుడు గుర్తుమీద కట్టేవాడు. కట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి మారి, ముందటికంటే తేలికయ్యేది.

ఒక ఏడాది వానలకు ముందు వచ్చినప్పుడు బండి నిజంగానే మట్టిని లేపింది. పళ్లెం ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. షెడ్డులో అందరం గుమికూడి అరిచాం. చిక్కు జల్లెడ దగ్గర వచ్చింది. గట్టిగా ఉన్న మట్టిగడ్డ పగలకుండా, కాయలను లోపల పెట్టుకుని, జల్లెడతోపాటే ముందుకూ వెనక్కూ ఊగుతూ వెనకకు జారిపోయింది. తిప్పేస్వామి గడ్డాన్ని గీరుకుంటూ చూశాడు. "ముందూ ఎనకా ఊపితే గడ్డకు ఊయల ఊపినట్లుండాది సార్. పక్కకు ఊపి సూద్దాం" అన్నాడు. పుల్లను పక్కకు తిప్పి బిగించాలంటే సగం బండి విప్పి కట్టాలి. అంతలో ఆకాశం మబ్బేసింది. విత్తనం వేసే అదను. అతను నిలవలేకపోయాడు.

"పంట పెరికినాక వస్తా సార్. పెట్టె ఎవురికీ ఇయ్యద్దండి."

"నువ్వెప్పుడొచ్చినా పెట్టె ఇక్కడే ఉంటుంది" అన్నాను.

పూజ

ఆ ఏడాది దసరా అయ్యాక పైనుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వస్తాడని పండగకు ముందే తెలిసింది. ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి, చూడగానే కంటికి ఆనేట్టు ఒకటి చేయమన్నారు. పెట్టెలో ఉన్న ప్రతి ఇటుకా వాడి పెద్ద ట్రాక్టరు చేయించాను. వెనక నాగళ్లు, మీద గొడుగు, మీట నొక్కితే నిదానంగా నడిచేది. చూడముచ్చటగా ఉండేది, అబద్ధమెందుకు.

ఆయుధపూజ నాడు షెడ్డు కడిగి, సుత్తులు, స్పానర్లు, లేతు, అసలు ట్రాక్టరు, అన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టాం. మస్తాన్ కూడా తన లేతుకు తానే దండ కట్టాడు, ఏటా కట్టేవాడు. ఎవరో ఇటుకల ట్రాక్టరునూ తెచ్చి వరసలో పెట్టారు. దానికీ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. అసలు ట్రాక్టరు నిమ్మకాయను చిదిపి ముందుకు పోయింది. మాది నిమ్మకాయ ఎక్కలేక గింజుకుని పక్కకు ఒరిగింది. అందరూ గొల్లున నవ్వితే మస్తాన్ చేత్తో తోసి, "పో తల్లీ, పో, అలగొద్దు" అన్నాడు. ఆ నవ్వుల్లో ఎవరో కర్పూరం పళ్లాన్ని దాని ముందుభాగం మీదనే పెట్టేశారు. ప్లాస్టిక్ కరిగి గుంట పడింది. ఆ గుంట ఇప్పటికీ ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లు అదీ ఏదో యంత్రభాగమే అనుకుంటారు.

అధికారి రాక వాయిదా పడింది. శనివారం వచ్చింది. "విప్పండి" అన్నాను. ఒక్కరూ ముందుకు రాలేదు. షెడ్డు ఊడ్చే లక్ష్మక్క చీపురు పట్టుకుని నిలబడి, "పూజ సేసిండేదాన్ని పీకులాడతారా సార్? బొట్టు గూడా ఆరలేదు" అంది.

"పూజ చేసిన కొడవలితో మరుసటి రోజు పైరు కోయరా లక్ష్మక్కా?"

"కోస్తారు. కొడవలిని ముక్కలు సేసుకోరు గదా."

దానికి జవాబు ఉంది. కొడవలికి కోయడం ఎట్లాగో ఈ ఇటుకలకు విడిపోవడం అట్లా. విప్పడమంటే దాన్ని పనికి తీసుకోవడమే. ఇన్ని శనివారాలు విప్పించినవాణ్ణి నేనే ఆ మాట చెప్పి, మొదటి ఇటుక నా చేత్తో తీసి ఉంటే అందరూ చేయి వేసేవాళ్లు. చెప్పలేదు. శకునం గురించిన భయం నాకు లేదు. ఆ ట్రాక్టరు ఇంకొన్నాళ్లు అట్లాగే ఉంటే బాగుండునని నాకే ఉండింది. వాళ్ల వెనుకంజ నాకు చాటు అయింది.

జిగురు

అధికారి వచ్చాడు. ట్రాక్టరు నడిచింది. ఆయన సంబరపడి దాన్ని నాగళ్లు పట్టి పైకి లేపాడు. నాగళ్లు చేతిలో ఉన్నాయి, మిగతాది నేలమీద పడి చెల్లాచెదురైంది. ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాలు గారి చెవులు ఎర్రబడ్డాయి. అధికారి పోయాక ముక్కలు ఏరి మళ్లీ కట్టాం.

ఇక్కడి నుంచి నేను ఇన్నేళ్లు చెప్పుకుంటూ వచ్చినది వేరు, జరిగినది వేరు. "ప్రిన్సిపాలు అతికించమని ఆర్డరు వేశాడు, నేనేం చేస్తాను" అని అందరికీ చెప్పాను. ఆయన బదిలీ అయి పోయారు కాబట్టి కాదనేవాళ్లు లేరు. జరిగింది ఇది. ఆయన నన్ను పిలిచి, "ఓబులేసు గారూ, దీన్ని ఊడకుండా అతికించేసి, అద్దాల బీరువాలో పెట్టి, కింద మీ పేరు రాయిద్దామనుకుంటున్నాను. మీకేమైనా అభ్యంతరమా? పాఠాలకు ఇబ్బంది అంటే చెప్పండి, మానేద్దాం" అన్నారు. ఆ చివరి మాటతో సహా అన్నారు. నేను, "ఏం ఇబ్బంది లేదు సార్" అన్నాను.

నా పేరు రాయిస్తానన్నారు. అంతే సంగతి. శనివారం శనివారం విప్పేసే మనిషికి పేరెక్కడ ఉంటుంది?

కాలేజీ లేబరేటరీ నుంచి అసిటోను తెచ్చాను. సన్నని కుంచెతో అతుకు అతుకుకూ రాశాను. అది మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. మస్తాన్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆరోజు తమాషా చేయలేదు.

"అన్నీ అంటిచ్చేస్తే పెట్టెలో ఏముంటాది ఓబులేసూ?"

"ఇంకో పెట్టె తెప్పిస్తారులే."

"ఎవురు? ఆ దొర మళ్లీ వస్తాడా?"

నేను కుంచె ముంచి తరువాతి అతుకుకు రాశాను.

ఇంకో పెట్టె రాలేదు. బెంగళూరు నుంచి రంధ్రాల ఇనుపపట్టీలు, నట్లు, బోల్టులు ఉన్న సెట్టు తెప్పించాం. మంచిదే. కాని బిగించడానికి ఒక పూట, విప్పడానికి ఒక పూట. నట్లు పోయేవి. తప్పు చేసి చూద్దాం అనే ధైర్యం ఎవరికీ వచ్చేది కాదు. మళ్లీ అందరూ ఇంజను చుట్టూ మూగారు, వెనకవాళ్లు మెడలు చూశారు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొకటే. మీ చేతికింద కట్టినది బాగా వచ్చిందంటే దాన్ని అందరికంటే ముందు మీరే విప్పండి. బాగా రాలేదంటే ఒకరోజు ఎక్కువ ఉంచినా నష్టం లేదు.

మట్టిగడ్డ

తరువాత ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆ ఏడాది దాటాక తిప్పేస్వామిని నేను మళ్లీ చూడలేదు. కొన్నేళ్లకు కళ్యాణదుర్గం వైపు పని పడితే వాళ్ల పల్లెకు పోయాను. ఇల్లు తాళం వేసి ఉంది. కుటుంబంతో బళ్లారి దిక్కు కాలువ పనులకు పోయి అక్కడే నిలిచిపోయాడని చెప్పారు. ఏ ఊరో ఎవరికీ సరిగా తెలియదు. వేరుశనగ తవ్వే యంత్రాలు ఇప్పుడు అక్కడక్కడ వస్తున్నాయని వింటున్నాను. వాటిలో ఏదైనా కనిపిస్తే వంగి జల్లెడ చూస్తాను. మా ఎర్రనేల గడ్డను పగలగొట్టేది ఇంకా నా కంటపడలేదు.

అతను చివరిగా వచ్చింది ఆ పంట పెరికినాక. చెప్పిన మాట ప్రకారమే వచ్చాడు. పెరికే కాలానికి వాన రాలేదు. తలగుడ్డ విప్పి, అందులో మూటకట్టి తెచ్చిన ఒక మట్టిగడ్డ బల్ల మీద పెట్టాడు. పిడికిలంత ఉంది, పక్కన కాయల మూతులు కనిపిస్తున్నాయి.

"మన పళ్లెంలో మట్టి ఉత్త దొంగమట్టి సార్. ఇది సూడండి అసలుది. దీన్ని పగలగొట్టాల మన జల్లెడ. దావ పొడుగునా అదే అనుకుంటా వచ్చినా. పక్కకు ఊపాల, సివర్న ఒక దెబ్బ గూడా తగలాల. పెట్టె తీయండి."

నేను లేవలేదు. అతనే లేచి స్టోరు బీరువా తెరిచాడు. పెట్టెలో దారపు రీళ్లు, ట్యూబు వలయాలు, సైకిలు పుల్లలు ఉన్నాయి. ఆఫీసు హాలులోకి తీసుకుపోయి అద్దాల బీరువాలోని ట్రాక్టరు చూపించాను.

"ఓ, దీనికి పెట్టినారా! బాగుండాది సార్. ఇప్పుదాం పట్టండి."

"ఊడదు తిప్పేస్వామీ. అంటించినాను."

"తమాషా సేస్తాండారు" అని నవ్వి, అద్దం జరిపి, చక్రం పక్క ఇటుకను వేళ్లతో లాగాడు. గోటితో అతుకు వెతికాడు. అతుకు లేదు. ఇంకొకటి చూశాడు. మోటారు ఉన్న అర దగ్గర చాలాసేపు చూశాడు. దాన్నీ మూసేసి అతికించాను.

మస్తాన్ లోపలికి వచ్చి అతని భుజం మీద చేయి వేశాడు. "నేనుండా కదా తిప్పన్నా. ఇనుముతో సేసిస్తా, ఎట్ల గావాలో సెప్పు."

"ఎట్ల గావాలో తెలిస్తే ఈడికి ఎందుకొస్తా మస్తానన్నా? ఇనుముతో సేసినాక తప్పయితే ఏం సేస్తాం? దీంతో అయితే పొద్దన ఒక తప్పు సేసుకోవచ్చు, మాపటేళకు ఇంకో తప్పు సేసుకోవచ్చు."

నన్ను తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. టీ తాగమంటే తాగాడు. మట్టిగడ్డను తలగుడ్డలో కట్టుకోబోయి, ఏమనుకున్నాడో, బల్ల మీదే వదిలేశాడు. రోడ్డుదాకా నేనూ వెంట నడిచాను. ఈ ఏడు చేనులో ఏమీ మిగలలేదనీ, పనులకు పోవాలనుకుంటున్నామనీ చెప్పాడు. పిల్లల సంగతి అడిగితే చెప్పాడు.

దూరంగా బస్సు దుమ్ము లేచింది. ఇక ఆగలేక అడిగాను.

"పక్కకు ఊపితే ఆ గడ్డ పగులుతుందంటావా?"

తిప్పేస్వామి తలగుడ్డ చుట్టుకుంటూ నా వైపు చూశాడు.

"నాకేం తెలుసు సార్? అది సూసిపోదామనే కదా వచ్చింటి."